ఫోన్ మోగని మధ్యాహ్నం

ఆవిడకి ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. మోగితే ఎవరికేమైందోనని గుండె జారిపోయేది. మోగకపోతే ఏదో అయ్యే ఉంటుంది, తనకి చెప్పడానికి ఎవరికీ నోరు రావడం లేదు కాబోలు అనుకునేది. భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఆయన రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆవిడ మనసులో బస్సు వంతెన మీంచి కిందపడి, అంబులెన్సు వచ్చి, ఆస్పత్రి వరండాలో తను గోడకానుకుని నిలబడి ఉండేది. అంతలో ఆయన మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ కనిపించేవాడు.

"ఇవాళ ఎక్కడ పడ్డాను?"

"వంతెన మీంచి."

"నిన్నా వంతెనే కదే. ఎప్పుడూ అదేనా, కొత్త చోటు చూడకూడదూ?"

ఆవిడకి నవ్వొచ్చేది. నవ్వుతూనే ఆయన చేతులూ కాళ్ళూ ఓసారి తడిమి చూసుకునేది.

వీధి వైపు ముందు గదిలో ఆవిడ కుట్టుమిషన్ ఉండేది. కొత్త బట్టలు కుట్టదు. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, తెగిన జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకి వదులు చేసి, చిక్కినవాళ్ళకి బిగించడం ఆవిడ పని. బడిలో ఎంతోకాలం కూర్చోలేదు కానీ, పేపరు చదవగలదు, తప్పుల్లేకుండా పేరు రాయగలదు. ఫోన్‌లో టైపు చేయమంటే మాత్రం వేళ్ళు మొండికేసేవి. అందుకని ఏది చెప్పాలన్నా గొంతు రికార్డు చేసి పంపేది. ఆ ఫోన్ ఎప్పుడూ మిషన్ మీద దారపుకండెల డబ్బాకి ఆనించి, తన మొహానికి ఎదురుగా ఉండేది.

ఉన్నది ఒక్కతే కూతురు. సన్నసన్న యంత్రభాగాలు బిగించే ఫ్యాక్టరీలో ఉద్యోగం. దుమ్ము రేణువు కూడా లోపలికి పోకూడదట. తెల్ల కోటూ, తల మీద టోపీ, మూతికి గుడ్డ వేసుకుని వెళ్ళాలి. ఫోన్ బయట లాకర్లో పెట్టేసి పోవాలి. పెళ్ళయిన కొత్తనుంచీ భర్త బస్సు కోసం పడే బెంగ ఇప్పుడు ఆ లాకరు చుట్టూ కూడా తిరిగేది. ఆగలేక కూతురి సూపర్‌వైజరుకి ఫోన్లు చేసేది.

ఉద్యోగం చాలదన్నట్టు కూతురికి ఇంకో పని కూడా ఉండేది. ఇంటికొచ్చాక వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది. దాని పేరు 'కాపలా'. చిన్నచిన్న ఆస్పత్రుల్లో టీకాలూ ఇన్సులిన్ లాంటి మందులూ దాచే ఫ్రిజ్‌లు ఉంటాయి కదా, వాటిలో చలి తగ్గిపోతే వెంటనే కనిపెట్టి చెప్పే ప్రోగ్రాం అది. డబ్బున్న ఆస్పత్రులు పెద్ద యంత్రాలు కొనుక్కుంటాయి. లేనివాళ్ళకి ఇది ఉచితం. కూతురూ, ఇంకొందరూ, తలో దేశంలో ఉండి జీతం లేకుండా రాసి పెట్టారు. లోపలి రాతంతా అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, బాగుచేయొచ్చు. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారని కూతురు చెప్పింది.

"తలుపులు బార్లా తీసి పెట్టుకుంటే దొంగలు రారుటే?" అని అడిగింది ఆవిడ.

"వస్తారు. వచ్చి తలుపు కీలు వదులైంది అని చెప్పి, బిగించి పోతారు."

"అలాంటి దొంగలు ఎక్కడైనా ఉంటారా?"

"ఉన్నారమ్మా. రోజూ నేను మాట్లాడేది వాళ్ళతోనే."

ఆ దొంగల్లో తమ భాష మాట్లాడేవాడు ఒకడుండేవాడు. తెర మీద చూస్తే కళ్ళూ గడ్డమూ తప్ప ఏమీ కనిపించేవి కావు. అందుకని ఆవిడ అతనికి గడ్డం అబ్బాయి అని పేరు పెట్టింది. అతను ఆవిడని పిన్నిగారూ అనేవాడు.

మొదట్లో వీళ్ళందరికీ మాట్లాడుకోవడానికి ఒకటే గ్రూపు ఉండేది. అందులోనే అన్నీ. ఎలా పెట్టుకోవాలి అని అడిగేవాళ్ళు, పెట్టుకున్నాక పనిచేయడం లేదని మొత్తుకునేవాళ్ళు, రాసే విషయాల మీద వాదులాడుకునేవాళ్ళు, పుట్టినరోజు శుభాకాంక్షలు, పిల్లి బొమ్మలు. చెత్త ఊడ్చి ఒకచోట పోసినట్టు ఉండేది. టింగు టింగుమంటూ చెవులు చిల్లులు పడుతుంటే ఒక్కొక్కరే ఆ గ్రూపు నోరు నొక్కేశారు. అంటే మెసేజ్ వచ్చినా చప్పుడు రాకుండా చేసుకున్నారు. కూతురు కూడా చేసుకుంది.

అలాంటప్పుడే ఒక ఆస్పత్రివాళ్ళు అందులో రాశారు, మా ఫ్రిజ్ వేడి అంకె ఎక్కువ చూపిస్తోంది, నిజమేనా, లేక ప్రోగ్రాం తప్పా అని. ఆ సమయానికి మిగతావాళ్ళు తెర మీద ఒక బొత్తాం ఆకుపచ్చగా ఉండాలా నీలంగా ఉండాలా అని కొట్టుకుంటున్నారు. ఆ ఒక్క వాక్యం పచ్చా నీలాల కింద మునిగిపోయింది. మర్నాటికి చూసేసరికి ఆ ఆస్పత్రిలో టీకాలన్నీ పాడైపోయాయి. పిల్లల్ని ఎత్తుకుని దూరం నుంచి నడిచొచ్చిన తల్లుల్ని వెనక్కి పంపేశారట.

ఆ సాయంత్రం కూతురు కంచం ముందు కూర్చుని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ మామూలుగా అయితే జ్వరమా, ఉద్యోగం పోయిందా, ఎవరైనా ఏమైనా అన్నారా అని వరసగా అడిగేది. ఆ రోజు అడగలేదు. పక్కన కూర్చుంది.

"వాళ్ళు చెప్పారమ్మా. మాకే వినపడలేదు," అంది కూతురు కాసేపటికి. "మళ్ళీ ఒక్క ఫ్రిజ్ మా చెవుడు వల్ల పోతే నేనింక దీన్ని ముట్టుకోను."

ఆ పని మానేస్తే పిల్ల కాస్త నిద్రపోతుందని ఎన్నాళ్ళనుంచో కోరుకుంటున్న తల్లి ఆవిడ. తీరా ఆ మాట విన్నాక మాత్రం, ఇది మానేస్తే పిల్లలో ఏదో ఒక దీపం ఆరిపోతుందని కొత్త భయం పట్టుకుంది.

అప్పుడే గదులు వేరు చేశారు. వాటిని చానెళ్ళంటారుట గానీ, తల్లికి అర్థమవడానికి కూతురు గదులనే చెప్పింది. సాయం అడిగేవాళ్ళకి ఒక గది. రాసేవాళ్ళు వాదులాడుకోవడానికి ఒకటి, పచ్చా నీలమూ అన్నీ అందులోనే. పిల్లులకీ పుట్టినరోజులకీ కబుర్ల గది. ఇక నాలుగోది ప్రమాదం గది. అందులో ఎవరూ ఊరికే మాట్లాడకూడదు. ఫ్రిజ్ వేడెక్కితే 'కాపలా' నడిచే మిషనే ఆ గదిలో రాసి, బాధ్యత ఒప్పుకున్న అందరి ఫోన్లకీ రింగు కొడుతుంది. మనిషెవరైనా అందులో రాసినా అంతే. మిగతా గదుల నోరు నొక్కుకోవచ్చు, దీన్ని మాత్రం నొక్కకూడదని అందరూ ఒట్టేసుకున్నారు.

గదులు సర్దిన వారం రోజులూ కూతురు ఇంట్లో కూనిరాగాలు తీసింది. ఆ రాగాలు విని ఆవిడ, మొహాలు తెలియని ఆ దొంగలందరికీ మనసులోనే దండం పెట్టుకుంది.

ఆ వారంలోనే ఆవిడ కొంప ముంచింది. కబుర్ల గదిలో బొమ్మలు చూడొచ్చని, కూతురి చేత తన ఫోన్‌లో ఆ గదులు పెట్టించుకుంది. మధ్యాహ్నం పూట ఎక్కడో నొక్కబోయి ఎక్కడో నొక్కి, కూతురికే పంపుతున్నాననుకుని, "భోజనం చేశావా తల్లీ?" అని రికార్డు చేసి ప్రమాదం గదిలో పడేసింది. దేశదేశాల్లో ఫోన్లు మోగిపోయాయి. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాయన అలాగే లేచి పరిగెత్తాడట. క్షణంలో ఆ గది నిండా ఏమైంది ఏమైంది అని మెసేజ్‌లు. ఆవిడ భయపడి ఫోన్ గుడ్డల కింద దాచేసింది.

కూతురు అరవలేదు. అరిచినా బాగుండేది.

"అమ్మా, ఒకసారి ఊరికే అరిస్తే నవ్వి ఊరుకుంటారు. రెండోసారి అరిస్తే ఈ గది నోరు కూడా నొక్కేస్తారు. అప్పుడిక నిజంగా మునిగిపోతున్నా ఎవరికీ వినపడదు. మేం చేసిందంతా గంగలో కలిసినట్టే. ఆ గదిలో మాత్రం నోరు విప్పకు."

"నీ మీద ఒట్టు, విప్పను," అంది ఆవిడ. తర్వాత కూతురి మీద ఒట్టు వేసినందుకు మళ్ళీ భయపడి, కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి ఒట్టు మార్చుకుంది.

ఆ తర్వాత కూతురు ఇంకో ఏర్పాటు చేసింది. రింగు కొట్టే మిషన్ బాగానే ఉందో లేదో రోజూ ఒక ట్రయల్ కాల్ చేసి చూసుకోవాలట. ఆ కాల్ ఎత్తడానికి ఫోన్ వదలని మనిషి కావాలట.

"నీకంటే ఎవరున్నారమ్మా? నువ్వు మోగకముందే ఎత్తుతావు."

మొదటి రోజు ట్రయల్ కాల్‌లో మిషన్ గొంతు ప్రమాదం, ప్రమాదం అని మొదలుపెట్టింది. ఆవిడ ఉన్నచోటే కూలబడింది. తర్వాతి మాటలేవీ చెవికెక్కలేదు. ముందు మా అమ్మాయి బాగుందని చెప్పాక ఏదైనా చెప్పమనండి, లేకపోతే నా గుండె ఆగిపోయాక మీరు ఫ్రిజ్ సంగతి చెప్పినా ఏం లాభం అని పట్టుబట్టింది. గడ్డం అబ్బాయి పడీపడీ నవ్వాడట. కూతురు తన గొంతుతోనే ట్రయల్‌కి ఒకటి, నిజం ప్రమాదానికి ఒకటి కొత్తగా రికార్డు చేసి పెట్టింది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం, భర్త డిపోలో డబ్బా విప్పి ఫోన్ చేయడానికి కాస్త ముందు, కూతురి గొంతు వినిపించేది. "అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఇది ట్రయల్ మాత్రమే. వినపడితే ఒకటి నొక్కు."

అది రికార్డని ఆవిడకి తెలుసు. అయినా ఒకటి నొక్కి, "సరే తల్లీ, నీళ్ళు తాగుతూ ఉండు," అనేది. ఆ తర్వాతే మధ్యాహ్నం ముద్ద గొంతు దిగేది.

ఆ రోజు ముందుగా భర్త ఫోన్ వచ్చింది.

ఆవిడ ఎత్తి, హలో అనకుండా, "అదేంటి, మీరు చేశారు?" అంది.

"నేను కాక ఎవరు చెయ్యాలి నీకు?"

"అది కాదండీ. మీకంటే ముందు దాని కాల్ రావాలి కదా. ఇవాళ రాలేదు."

"సెలవు పెట్టిందేమో. మిషనైతే మాత్రం, రోజూ నీతో మాట్లాడాలంటే విసుగు పుట్టదూ?"

"వేళాకోళం కాదు. నా ఫోన్ పాడైందేమో, మీరు పెట్టేసి మళ్ళీ చెయ్యండి."

ఆయన పెట్టేసి మళ్ళీ చేశాడు. మోగింది.

"ఫోన్ బాగానే ఉంది. ఇక పాడవడానికి మిగిలింది ఒకటే," అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "కాస్త ఆగి చూడు. ఊరికే కంగారు పడకు. తిను ముందు," అన్నాడు.

ఎదురుగా స్టూలు మీద ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. బడిలో భోజనాల విరామం కదా అని, కోటు జిప్పు మార్పించుకుని తీసుకెళ్దామని వచ్చింది. ఆవిడ కుట్టబోయి ఆగిపోవడం, ఫోన్ వైపు చూడటం, మళ్ళీ కుట్టబోవడం చూసి, "మోగకపోతే హాయి కదండీ. మా ఇంట్లో మోగి చస్తోంది," అంది.

ఆవిడ నవ్వబోయింది. మొహం సహకరించలేదు.

రాలేదంటే ఏమై ఉంటుంది? కూతురి గొంతు వినపడలేదు కాబట్టి మొదట మనసు కూతురి మీదకే పోయింది. ఫ్యాక్టరీ కాలిపోయింది. పైకప్పు కూలింది. కూతురి నంబరుకి చేసింది. లాకర్లో చీకట్లో, ఎవరిదో భోజనం డబ్బా పక్కన, ఆ ఫోన్ ఒంటరిగా మోగుతున్నట్టు కళ్ళకి కట్టింది. కాసేపటికి ఆవిడే తనని తాను కసురుకుంది. రికార్డు చేసిన గొంతు అది. పిల్లకి ఏమైనా రికార్డుకి ఏమీ కాదు. అది రాలేదంటే పిల్లకి కాదు, ఆ మిషన్‌కే ఏదో అయింది.

మరి ఆ మిషనే పడి ఉంటే ఇప్పుడు ఎక్కడైనా ఫ్రిజ్ వేడెక్కితే ఎవరికి చెప్తుంది?

ఈ ఆలోచన వచ్చాక ఆవిడకి చెమట పట్టింది. ఎవరికైనా చెప్పాలి. ఎవరికి? అందరికీ వినపడే చోటు ఒక్కటే ఉంది. ఆ గదిలో నోరు విప్పనని ఒట్టేసింది. తను చెప్పింది తప్పయితే, మిషన్ నిజంగానే కాస్త ఆలస్యంగా లేచి ఇప్పుడే రింగు కొడితే, రెండోసారి ఊరికే అరిచినట్టవుతుంది. అందరూ ఆ గది నోరు నొక్కేస్తారు. పిల్ల కష్టమంతా తల్లి చేతుల మీదుగా బూడిదవుతుంది. చెప్పకుండా ఊరుకుంటే, ఎక్కడో మందులు పాడైపోతే, పిల్ల ఇక దాన్ని ముట్టుకోదు.

"మీకు ఒంట్లో బాలేదా? మంచినీళ్ళు తెచ్చిపెట్టనా?" అంది టీచరమ్మ.

"వద్దండీ. ఒక్క మాట చెప్పండి. మీ బడిలో రోజూ వచ్చే పిల్ల ఒకరోజు రాకపోతే మీరేం చేస్తారు?"

"రాలేదని రాసుకుంటాం."

"అంతేనా?"

టీచరమ్మ కొంచెం ఇబ్బందిగా కదిలింది. "నలభైమంది ఉంటారండీ."

నాకు ఒక్కతే, అనుకుంది ఆవిడ. అనుకుని ప్రమాదం గది తెరిచింది. రికార్డు బొత్తాం నొక్కింది.

"నేను అమ్మాయి వాళ్ళమ్మని. అందరూ బాగానే ఉన్నారు, కంగారు పడకండి. నాకు రోజూ వచ్చే ట్రయల్ ఫోన్ ఇవాళ రాలేదు. తప్పయితే నన్ను తిట్టండి. మా అమ్మాయిని ఏమీ అనకండి, ఈ గది నోరు మాత్రం నొక్కకండి."

పంపేసి, ఫోన్లు మోగబోతున్న దేశాలన్నీ తలుచుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఆ మెసేజ్‌ల వర్షం కురుస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర ఈసారి ఎవరున్నారో.

ఏమీ కురవలేదు.

కళ్ళు తెరిచి చూసింది. ఆ గదిలో తన మాట ఒక్కటే ఉంది. పలకరించినవాళ్ళు లేరు. తిట్టినవాళ్ళు కూడా లేరు. కోటు పట్టుకుని ఒకవైపు జిప్పు కుట్టింది. మళ్ళీ చూసింది. అలాగే ఉంది.

అప్పుడు తట్టింది ఆవిడకి. పోయినసారి భోజనం చేశావా అంటేనే దేశాలు దేశాలు లేచాయి. ఇవాళ ప్రమాదమంటే ఒక్కరూ లేవలేదు. అంటే తన మాట ఎవరి చెవికీ చేరలేదు. చేరవేయాల్సిందే చచ్చి పడుంది. తన భయం ఈసారి ఉత్తది కాదని తెలిసేసరికి ఆవిడకి భయం తగ్గింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

కబుర్ల గది తెరిచింది. అక్కడ పైనే గడ్డం అబ్బాయి పెట్టిన బొమ్మ ఉంది. బాల్కనీలో దోసతీగ, దానికి చిటికెనవేలంత పిందె. అతనికి అప్పుడే తెల్లవారుతుంది. రోజూ లేవగానే ఆ తీగ బొమ్మ పెట్టి, కాఫీ తాగి, మళ్ళీ ముసుగు తన్నేవాడు.

"నాయనా, పడుకోకు. నీ పిందె బాగుంది, దిష్టి తగలకుండా చూసుకో. మీ మిషన్ పడిపోయింది. ట్రయల్ ఫోన్ రాలేదు. ప్రమాదం గదిలో చెప్తే ఎవ్వరూ పలకలేదు."

వెంటనే జవాబొచ్చింది, నిద్రగొంతుతో. "పిన్నిగారూ, ఎవ్వరూ పలకలేదా? నాకూ మోగలేదే." తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. "ఒక్క నిమిషం ఆగండి."

ఆ నిమిషం ఎంతకీ అవలేదు. ఆవిడ కోటుకి రెండోవైపు జిప్పు కూడా వేసేసింది. టీచరమ్మ వెళ్ళాల్సిన పని ఉండి కూడా వెళ్ళలేదు, స్టూలు ముందుకి జరుపుకుని ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది.

ఫోన్ మోగింది. "అమ్మా, నేను బాగానే ఉన్నాను." కూతురి గొంతే. ఆవిడ ఒకటి నొక్కబోయింది, కానీ ఇవాళ మాటలు వేరుగా ఉన్నాయి. "ఇది ట్రయల్ కాదు. ఒక ఆస్పత్రిలో ఫ్రిజ్ వేడెక్కుతోంది."

ప్రమాదం గదిలో ఒక్కసారిగా మెసేజ్‌లు కుమ్మరించుకున్నాయి. గడ్డం అబ్బాయి మళ్ళీ లేపేసరికి, పొద్దుటినుంచి నోరు పెగలని మిషన్ దాచుకున్నవన్నీ కక్కేసింది. ఆ ఆస్పత్రికీ అతనే ఫోన్ చేశాడు. ఎత్తిన నర్సు ఇంజెక్షన్ల వరస దగ్గర నిలబడి ఉందట, ఫ్రిజ్ తలుపు గడియ సరిగా పడలేదని గమనించలేదు. పరిగెత్తి మందులన్నీ ఐసు పెట్టెల్లోకి మార్చింది. అంకె ఇంకా హద్దు దాటలేదు. అంచు మీద ఉంది.

కాసేపటికి ఆ నర్సు కబుర్ల గదిలోకి వచ్చి ఏదో రాసింది. తమ భాష కాదు. కింద గడ్డం అబ్బాయి చెప్పాడు: "పిన్నిగారూ, ఆవిడ అడుగుతోంది, మా ఫ్రిజ్ గురించి మాకంటే ముందు కంగారు పడిన తల్లి ఎవరు అని."

"ఫ్రిజ్ గురించి నాకేం తెలుసు నాయనా. ఫోన్ రాలేదని కంగారు పడ్డానంతే," అంది ఆవిడ. టీచరమ్మ లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కోటు తొడుక్కుని చూసుకుంటే జిప్పు లోపలివైపు కుట్టి ఉంది.

"విప్పి మళ్ళీ వేస్తానమ్మా, క్షమించండి."

"ఉంచండి. రేపు వస్తాను," అంది టీచరమ్మ. గుమ్మం దగ్గర ఆగింది. "ఇవాళ నా క్లాసులో ఒక పిల్ల రాలేదు. వెళ్తూ వాళ్ళింటికి ఫోన్ చేస్తాను."

సాయంత్రం కూతురు మామూలు కంటే ముందే వచ్చింది. వీధి మలుపునుంచి పరిగెత్తినట్టుంది, రొప్పుతోంది. లాకరు తీసి ఫోన్ చూసుకున్నప్పుడు ఏం అనుకుందో ఏమో. ఆవిడ మిషన్ పక్కనే నిలబడి సిద్ధంగా ఉంది.

"ఆ గదిలో మాట్లాడాను. ఒట్టు తప్పాను. తిట్టు."

కూతురు టీచరమ్మ కూర్చున్న స్టూలు మీద కూలబడింది.

"అది ఎలా ఆగిపోయిందంటే అమ్మా, మిషన్ లోపల రాసుకునే చోటు నిండిపోయింది, అంతే. అలాంటివి అవుతుంటాయి. మా తప్పు అది కాదు. ట్రయల్ కాల్ అని ఒకటి పెట్టాం కానీ, ఆ కాలే రాకపోతే ఎవరు అడగాలి అన్నది ఒక్కరం కూడా అనుకోలేదు. ఇంతమందిమి గదులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయని మురిసిపోయాం. నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టే అనుకున్నాం."

"బాగున్నట్టు ఎలా అవుతుందే?" అంది ఆవిడ నిజంగానే అర్థం కాక.

కూతురు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంకోటి చెప్పాలి. ఆ కాల్ నీకు పెట్టింది మా అవసరం కోసం కాదమ్మా. నువ్వు నా సూపర్‌వైజరుకి ఫోన్లు చేయకుండా ఉంటావని. నిన్ను ఊరుకోబెట్టడానికి."

"తెలుసులే."

"తెలుసా?"

"తెలియకపోవడానికి నేనేం చిన్నపిల్లనా? అయినా రోజూ మధ్యాహ్నం నీ గొంతు వినపడేది కదా. అది చాల్లే అనుకున్నా." చేతిలో దారప్పోగు వేలికి చుట్టుకుంటూ అంది. "నీకు ఆ మాత్రం తోచినందుకే నాకు కడుపు నిండిపోయింది."

కూతురు స్టూలు జరుపుకుని వచ్చి, దారాలూ గుడ్డపీలికలూ నిండిన తల్లి ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ ఆ జుట్టులో పోగులు అంటుకుంటాయని భయపడి ఒక్కొక్కటే ఏరసాగింది.

భర్త వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆయన బూట్లు విప్పుతూ, "ఇవాళ ఎక్కడ పడ్డాను?" అన్నాడు.

ఆవిడ నాలుక కరుచుకుంది. "ఇవాళ మీరు గుర్తే రాలేదండీ."

"అదృష్టవంతుణ్ణి," అన్నాడాయన. సంగతంతా విన్నాక మాత్రం ఏమీ వేళాకోళం చేయలేదు. లోపలికి వెళ్ళి, మధ్యాహ్నం ఆవిడ ముట్టని అన్నం గిన్నె చూసి, తనే వేడిచేసి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

ఆ వారంలో వాళ్ళు మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నారు. ప్రమాదం గది రూలు మార్చారు. రాకూడనిది వస్తేనే కాదు, రావాల్సింది రాకపోయినా అందులో అరవచ్చు. పొరపాటున అరిస్తే ఎవరూ ఏమీ అనకూడదు. ట్రయల్ కాల్ రోజూ ఒక్క అమ్మకే కాదు, అందరికీ వెళ్ళాలి. రానివాళ్ళు కబుర్ల గదిలోకి వచ్చి చెప్పాలి.

ఆ కాల్ మొదట్లో పెట్టడానికి ఆవిడ గొంతు కావాలని గడ్డం అబ్బాయి అడిగాడు. "మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, అని ఒక్క ముక్క చెప్పండి పిన్నిగారూ. అది వింటే ఆ తర్వాత ఏ వార్తయినా తట్టుకుంటాం."

"అమ్మో, అలా ఎలా చెప్తాను నాయనా? వాళ్ళెవరో, వాళ్ళింట్లో ఎవరెలా ఉన్నారో నాకేం తెలుసు? నేను బాగున్నారని చెప్పి, తీరా ఎవరికైనా ఏమైనా అయితే?"

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. చివరికి తనకి అబద్ధం కానిది, తను ఎవరితోనైనా నిర్భయంగా అనగలిగినది ఒకే ఒక్క మాట దొరికింది. కుట్టుమిషన్ పక్కన ఫోన్ పెట్టుకుని, గొంతు సవరించుకుని, రికార్డు చేసి పంపింది. ఆవిడ భాష రానివాళ్ళు కూడా దాన్ని అలాగే ఉంచమన్నారట.

ఇప్పుడు తలో దేశంలో, తలో వేళకి ఫోన్లు మోగుతాయి. ఎత్తినవాళ్ళకి వెనకాల కుట్టుమిషన్ చప్పుడుతో పాటు, "భోజనం చేశారా?" అని వినిపిస్తుంది. ఒకటి నొక్కి, చాలామంది తమ భాషలో ఏదో ఒక జవాబు కూడా చెప్తారని కూతురు అంది.

ఆవిడ ఫోన్‌కి మాత్రం పాత గొంతే వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం కూడా అలాగే వచ్చింది. "అమ్మా, నేను బాగానే ఉన్నాను."

"సరే తల్లీ, నీళ్ళు తాగుతూ ఉండు," అంది ఆవిడ ఒకటి నొక్కి. అన్నం గిన్నె ముందుకి లాక్కుని, కబుర్ల గది తెరిచి చూసుకుంది. పళ్ళ డాక్టరు దగ్గరనుంచి పరిగెత్తినాయన ఉన్నాడు. నర్సు ఉంది. దోసతీగ బొమ్మ మాత్రం ఇంకా రాలేదు. నిన్న ఆ అబ్బాయి గొంతు కొంచెం బొంగురుగా ఉన్నట్టు గుర్తొచ్చింది.

బెంగపడటానికి ఇంతమంది దొరికారు తనకి. అదే అనుకుంటూ, ముద్ద పక్కన పెట్టి, ఆవిడ రికార్డు బొత్తాం నొక్కింది.

"నాయనా, జలుబు చేసిందా?"